లాంపురూము లెక్క: పెద్ద సంస్థలలో కంప్యూటర్ల నిర్వహణము

విద్యార్థులారా! గోదావరి కిరుదరుల నున్న మన సీమ 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు కరీంనగరము, ఆదిలాబాదు అను రెండు జిల్లాలుగ నుండెను. నేడు పెక్కు జిల్లాలుగ విభజింపబడినది. జిల్లాల పేరు లెట్లు మాఱినను గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూరు బొగ్గుబాయిలు మాత్రము మన కందఱకు తెలిసినవే. మీలో ననేకుల తండ్రులో, పెదనాన్నలో, మేనమామలో బాయి పనివారు. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. కావున పెద్ద సంస్థలు తమ కంప్యూటర్లను, చేతి ఫోనులను ఎట్లు నిర్వహించునో, పాతవాని స్థానమున క్రొత్తవానిని ఎట్లు నెలకొల్పునో తెలుపు నీ పాఠమును మేము కంప్యూటరుతో గాక, బాయివద్ద నుండు లాంపురూముతో నారంభించుచున్నాము.

భూగర్భ గనిలోనికి దిగు కార్మికుడు మస్టరు వేయించుకొని లాంపురూమునకు పోవును. అచ్చట ప్రతి తలదీపమునకు నొక సంఖ్య యుండును. ఏ దీప మెవరి కిచ్చిరో పుస్తకములో వ్రాసెదరు. షిఫ్టు ముగిసిన పిదప దీపము తిరిగి రావలెను. వచ్చిన దీపమును చూచి, బాగుగ నున్నచో చార్జింగునకు పెట్టెదరు. చెడినచో ప్రక్కకు తీసెదరు. షిఫ్టు గడచియు నొక దీపము రాలేదనిన, వెదకవలసినది దీపమును గాదు. లోపలనే యుండిపోయిన మనుష్యుని. అందువలననే ఆ పుస్తకమున కంతటి విలువ.

పరికరము లెన్ని యున్నవి, ఎవరి చేతిలో నున్నవి, ఏ స్థితిలో నున్నవి, పని తీరిన పిమ్మట తిరిగి వచ్చినవా? ఈ ప్రశ్నలకు ఏ ఘడియలోనైనను జవాబు చెప్పగలిగినవాడే పరికరములను నిర్వహించుచున్నవాడు. చెప్పలేనివాడు వానిని కొన్నవాడు మాత్రమే. పెద్ద సంస్థలలో కంప్యూటర్ల నిర్వహణమను శాస్త్రమంతయు నీ లాంపురూము లెక్కకు విస్తరణమే యని మా యభిప్రాయము.

సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23వ తేదీన స్థాపింపబడినది. నేడు దానిలో తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51 వంతులు, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు వాటా గలదు. ఉద్యోగులు సుమారు 40,000 మంది. 2023-24వ సంవత్సరమున 7 కోట్ల టన్నుల బొగ్గును త్రవ్వి తీసిరి. ప్రధాన కార్యాలయము కొత్తగూడెమున నున్నది. గనులు బెల్లంపల్లి మొదలుకొని సత్తుపల్లి వఱకు వ్యాపించియున్నవి. ఇట్టి సంస్థలో కంప్యూటరు ఒక గదిలో నుంచి తాళము వేయు వస్తువు కాదు. గని కార్యాలయమున హాజరు, జీతము, సెలవు దానిలోనే. స్టోర్సులో నట్టు మొదలు బేరింగు వఱకు నిలువ లెక్క దానిలోనే. బొగ్గు లారీ కాటాపై నిలిచినపుడు తూకము దానిలోనికే పోవును. ఆసుపత్రిలో మందుల చీటియు నట్లే. వీనినన్నిటిని కలిపి యొక్క లెక్కగా జేయుటకు ఎస్.ఏ.పి. అను సాఫ్టువేరును ఆ సంస్థ వాడుచున్నది. ఒక గుమాస్తా బల్లమీది యంత్రము చెడిన నష్టము స్వల్పము. దానిగుండ దొంగ యొకడు లోనికి ప్రవేశించినచో 40,000 కుటుంబముల జీతపు లెక్క వాని చేతి కందునట్లే.

మా పాఠశాల కంప్యూటరు గదిలో యంత్రము మొరాయించినచో ఉపాధ్యాయుడు నాలుగడుగులు నడచి దానివద్దకు పోవును. వేల యంత్రములు వందల మైళ్ల దూరమున చెదరియున్నప్పుడు నడచిపోవుట యెట్లు? ఈ చిక్కునకు ఉపాయముగా 1990 తరువాతి దశాబ్దమున కేంద్ర నిర్వహణ సాఫ్టువేరులు బయలుదేరెను. 1994లో మైక్రోసాఫ్టు సంస్థ యిట్టిదాని నొకదానిని వెలువరించెను. నేటి ఇంట్యూన్ మున్నగునవి దాని తరువాతి తరములు. పద్ధతి సులభముగనే బోధపడును. ప్రతి యంత్రములోను ఒక చిన్న ప్రోగ్రామును కాపుంచెదరు. అది యప్పుడప్పుడు కేంద్రమునకు తన సమాచారము నంపుచుండును: నా సంఖ్య యిది, నన్ను వాడువా డీతడు, నాలో నున్న సాఫ్టువేరు లివి, నా డిస్కులో ఖాళీ యింత. కేంద్రము బదులుగ ఆజ్ఞల నంపును: పాస్‌వర్డు ఇన్ని యక్షరములకు తగ్గరాదు, డిస్కులోని సమాచారమును గూఢలిపిలో నుంచుము, ఈ ప్రోగ్రామును తొలగింపుము. యంత్రము పోయినదని తెలిసినచో, అది యెక్కడ నున్నను, ఇంటర్నెట్టు తగిలిన క్షణమున దానిలోని సమాచారమును తుడిచివేయుమని గూడ ఆజ్ఞాపింపవచ్చును.

చేతి యంత్రముల కథ యింకను మన కెదురుగనే నడచుచున్నది. బస్సెక్కినప్పుడు కండక్టరు చేతిలోని టిక్కెట్టు యంత్రమును చూచియుందురు. అదియు కంప్యూటరే. కండక్టరు డ్యూటీకి పోవునపుడు డిపోలో దానిని తీసికొనును, దిగినపుడు అప్పగించును, దానిలోని టిక్కెట్ల లెక్క డిపో కంప్యూటరులోనికి చేరును. లాంపురూమునకును దీనికిని భేదమేమి? 2023 డిసెంబరు 9వ తేదీన మహాలక్ష్మి పథకమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణ మారంభమైనది. వారము తిరుగులోపలనే, అనగా 15వ తేదీనుండి, స్త్రీలకు జీరో టిక్కెట్టు ఇచ్చుట మొదలిడిరి. ఆ కొలది దినములలో రాష్ట్రమందలి డిపోలన్నిట యంత్రముల సాఫ్టువేరును మార్చవలసి వచ్చెను. జీరో టిక్కెట్టుపై ప్రయాణికురా లేమియు చెల్లింపదు గాని, ఆ టిక్కెట్ల లెక్కను బట్టియే సంస్థ ప్రభుత్వమునుండి సొమ్మును కోరవలెను. యంత్రములకు సంఖ్యలు, పుస్తకము, ప్రతిదినము డిపోకు తిరిగివచ్చు నియమము ముందే యుండుటచేత నీ పని యింత త్వరగ సాధ్యమైనదని మేము తలచుచున్నాము.

ఇక సాఫ్టువేరును ఎప్పటికప్పుడు సరిచేయు విషయము. దీనిని కొంత విపులముగ చెప్పెదము, ఏలయన పెద్ద నష్టము లన్నియు నిచ్చటనే పుట్టినవి.

మనుష్యులు వ్రాసిన యే ప్రోగ్రాములోనైనను లోపము లుండును. వానిని కనుగొన్నప్పుడెల్ల తయారుచేసినవారు సవరణ పంపుదురు. 2003వ సంవత్సరమునుండి మైక్రోసాఫ్టువారు ప్రతి నెల రెండవ మంగళవారమున సవరణలను విడుదల చేయు నాచారము నుంచుకొనిరి. ఐతే సవరణ వచ్చుట వేఱు, దానిని యంత్రములో వేయుట వేఱు. 2017 మార్చి 14వ తేదీన విండోసులోని యొక లోపమునకు సవరణ వెలువడినది. సుమారు రెండు నెలలకు, మే 12వ తేదీన, అదే లోపమును పట్టుకొని వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకముపై పడెను. అది ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, డబ్బిచ్చినగాని విప్పనని బెదిరించును. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దాని వాత బడెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మన పొరుగున ఆంధ్రప్రదేశమందలి కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును తగుల్కొనెను. మందు చేతి కందియు రెండు నెలలు వేయకుండుట యేమి? "నడచుచున్నది గదా, కదలించిన చెడునేమో" యను భయమే తఱచుగ కారణము. మఱికొన్ని తావుల అట్టి యంత్ర మొకటి మూలగదిలో నున్నదని కేంద్రమునకు తెలియనే తెలియదు. లెక్కలో లేని దీపమువంటి దది.

అట్లని సవరణ రాగానే యంతట నొక్క పెట్టున వేయుట క్షేమమా? 2024 జులై 19వ తేదీన దీనికి జవాబు దొరకెను. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ, కంప్యూటర్లను కాపాడు సాఫ్టువేరును అమ్మునది, లోపముగల సవరణ నొకదానిని పంపెను. ఆ సాఫ్టువేరు విండోసు లోతట్టు పొరలో పనిచేయునది యగుటచే, సవరణ తగిలిన యంత్రములు నీలితెఱతో నిలిచిపోయెను. మైక్రోసాఫ్టు లెక్క ప్రకారము 85 లక్షల యంత్రములు. హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసు లిచ్చిరి. చాల యంత్రములను బాగుచేయుటకు మనుష్యులు ఒక్కొక్కదానివద్దకు స్వయముగ పోవలసి వచ్చెను. దూరమునుండి ఆజ్ఞ నంపుదమనిన వినుటకు యంత్రము మేలుకొనియుండవలెను గదా!

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒకటి ఆలస్యమువలన, రెండవది తొందరవలన. అందుచే తెలిసిన సంస్థలు సవరణను వలయములుగ పంపుచుందురు. మొదట కంప్యూటరు విభాగమువారి కొన్ని యంత్రములకు; ఒకటి రెండు దినములు చూచి వేఱు వేఱు శాఖలనుండి యేరిన నూటికి అయిదింటికి; ఆ పిమ్మట అందఱకు. జీతములు చెల్లించు వారమున జీతపు విభాగము జోలికి పోరు. అపాయకరమైన లోపమునకు సవరణ వచ్చినప్పుడు మాత్ర మీ కాలము నంతయు కొలది దినములకు కుదింతురు. ఎప్పు డెంత వేగమని నిర్ణయించుటయే ఈ వృత్తిలోని నేర్పు. దానిని ఏ సాఫ్టువేరును చేసిపెట్టదు.

పాత పద్ధతినుండి క్రొత్తదానికి సంస్థ మొత్తము మాఱుట యెట్టిదో తెలిసికొనవలె ననిన మన పల్లెలోని తపాలా శాఖను చూచిన చాలును. దేశమున 1,29,000కు పైగా గ్రామీణ శాఖాకార్యాలయములు కలవు. దర్పణ్ అను పథకమున వీనికి చేతి యంత్రములను, విద్యుత్తు లేని తావులకై సౌరఫలకములను ఇచ్చిరి. అప్పటివఱకు కాగితముపై మనియార్డరులను, పొదుపు ఖాతాలను వ్రాసికొనుచున్న బ్రాంచి పోస్టుమాస్టరు చేతికి కంప్యూటరు వచ్చెను. మరల 2025లో సాఫ్టువేరు నంతయు మార్చిరి. ఆ సంవత్సరము మే, జూను నెలలలో మొదట కర్ణాటక సర్కిలులో పరీక్షించి, పిదప ఒక్కొక్క సర్కిలుగ ముందుకు నడచి, ఆగస్టు 4వ తేదీకి 1,64,000కు పైగా కార్యాలయములలో నెలకొల్పిరి. మార్పు దినమున ఆయా కార్యాలయములలో లావాదేవీలను నిలిపి, ముందుగనే ప్రజలకు ప్రకటించిరి. దీనికై 4,60,000 మంది ఉద్యోగులకు శిక్షణ నిచ్చిరని ప్రభుత్వ ప్రకటన. యంత్రముల వెల నందఱును తలతురు గాని, ఇంతమందికి నేర్పుటకు పట్టిన ప్రయాసను తలచువా రరుదు. ఉపాధ్యాయుల మగుటచే మాకీ సంఖ్యయే మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది.

ఐనను ఉట్నూరు, నార్నూరు, తిర్యాణి అడవులలో సిగ్నలు అందని గూడెములు నేటికిని కలవు. పట్నమున కూర్చుండి సాఫ్టువేరును వ్రాయువాడు దీనిని మఱచినచో, యంత్ర మెంత క్రొత్తదైనను చేతిలో ఇటుకయే. సిగ్నలు లేనప్పుడు పనిని తనలో దాచుకొని, దొరకినప్పుడు పంపునట్లు దానిని నిర్మింపవలెను. వ్రేలిముద్ర సంగతియు నట్టిదే. ఏండ్ల తరబడి బీడీలు చుట్టిన స్త్రీకి, మట్టి పని చేసిన కూలికి వ్రేలి గీత లరిగిపోవును. యంత్రము వారిని గుర్తింపదు. పింఛనుకై వచ్చిన వృద్ధురాలు ఏమి తప్పు చేసినది? ఇట్టివారికి మఱియొక మార్గమును ముందుగనే యేర్పఱచుట నిర్వహణములోని భాగము, దయాధర్మము కాదు. బాయిలోను ఇదే న్యాయము: సాధారణమైన మొబైలు ఫోనును భూగర్భ గనిలోనికి కొనిపోరాదు. నిప్పురవ్వ పుట్టకుండునట్లు నిర్మింపబడి, గనుల భద్రతాశాఖ యామోదించిన పరికరమే యచ్చట చెల్లును. స్థలమును బట్టి పరికరమే గాని, పరికరమును బట్టి స్థలము కాదు.

మీలో పెద్ద తరగతులవారు కొలది యేండ్లలో ఉద్యోగములలో చేరెదరు. తలిదండ్రులలో పలువురు చేరియే యున్నారు. కావున సొంత ఫోనులో ఆఫీసు పని చేయు విషయమును గూర్చి రెండు మాటలు. ఆండ్రాయిడు ఫోనులలో 2014వ సంవత్సరాంతమునుండి ఒకే ఫోనులో రెండు గదులు కట్టు ఏర్పాటు వచ్చినది. ఒకటి మన సొంతము. రెండవది ఆఫీసు గది. ఆఫీసు మెయిలు, ఫైళ్లు రెండవ గదిలోనే యుండును; యజమాని దానినే చూచును, ఉద్యోగము మానినప్పుడు దానినే తుడుచును. మీ యింటి ఫోటోలు, సొంత సందేశములు అతనికి కనబడవు. కాని సంస్థ తానే కొని యిచ్చిన ఫోను సంగతి వేఱు: దానిలో ఏ యాపులున్నవో సంస్థ చూడగలదు, యావత్తును తుడువగలదు. కావున సంస్థ ఫోనులో పెండ్లి ఫోటోలను దాచుకొనరాదు. సొంత ఫోనులో ఆఫీసువా రేదేని వేయుమనినపుడు, ఇది ఏ విధమైనదని యడుగుట మర్యాదకు లోపము కాదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై మన పార్లమెంటు చట్టము గూడ చేసినది.

మే మెఱిగిన యొక కార్యాలయమున, పేరుతో పనిలేదు, ఒక పెద్దమనిషి పదవీ విరమణ పొంది పూలమాలతో ఇంటికి పోయెను. ఆయన లాగిన్ పేరును మాత్ర మెవరును తొలగింపలేదు. ఏడాదికి పైగా ఆ పేరుతోనే క్రిందివారు బిల్లులు మంజూరు చేయుచుండిరి; సౌకర్యముగ నున్నదని పాస్‌వర్డు బల్లకు అంటించిరి. దొంగతన మేదియు జరుగలేదు గాని, ఆడిటరు వచ్చి "ఈ బిల్లుపై నున్న సంతకము ఎవరిది?" యని యడిగినపుడు జవాబు లేకపోయెను. విశ్రాంతిలో నున్న వృద్ధుని పిలిపించి సంజాయిషీ వ్రాయించిరి. తిరిగి రాని దీపమున కిది మఱియొక రూపము.

పాతబడిన యంత్రము నెప్పుడు మార్చవలెనను ప్రశ్న మిగిలినది. యంత్రము నడచుచున్నను, తయారీదారు సవరణలను మానినచో దానిని ముసలిదానిగనే యెంచవలెను. విండోసు ఎక్స్‌పీకి 2014 ఏప్రిలు 8వ తేదీతోను, విండోసు 7కు 2020 జనవరి 14వ తేదీతోను, విండోసు 10కి 2025 అక్టోబరు 14వ తేదీతోను సాధారణ సవరణలు నిలిచెను. విండోసు 11కు యంత్రములో టీపీఎమ్ 2.0 అను భద్రతా చిప్పు కావలెను. అది లేని పాత యంత్రములు, పనికి పుష్టిగ నున్నను, నియమానుసారముగ దాని నందుకొనజాలవు. అప్పుడు సంస్థ యెదుట కొన్ని దారు లుండును. సొమ్ము చెల్లించి కొంతకాలము అదనపు సవరణలు పొందవచ్చును. క్రొత్త యంత్రములను కొనవచ్చును. లెక్క యంతయు సర్వరులో నుంచి, బల్లపై పాత యంత్రమును కేవలము తెఱగా వాడుకొనవచ్చును. లేదా లినక్సు వంటి స్వేచ్ఛా సాఫ్టువేరునకు మాఱవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాల యేండ్లుగ నీ మార్గముననే నడచుచున్నవి, మన కేంద్ర ప్రభుత్వపు సి-డాక్ సంస్థ బాస్ అను లినక్సును తయారుచేసినది. మావంటి పాఠశాలలకు ఈ కడపటి దారియే తగినదని మా తలంపు. వేల మంది యొకే సాఫ్టువేరుపై పనిచేయు పెద్ద సంస్థకు మాత్రము ఆ నిర్ణయ మంత తేలిక కాదు. లైసెన్సుకు మిగిలిన సొమ్ము శిక్షణకు ఖర్చు కావచ్చును.

తీసివేసిన యంత్రమును పాతసామాను బండికి వేయుట తగదు. ఫైలును డిలీటు చేసిన మాత్రమున అది డిస్కునుండి పోదు. దాని పేరు మాత్రమే సూచికనుండి తొలగును. తెలిసినవాడు దానిని మరల పైకి తీయగలడు. ముందుగ డిస్కును గూఢలిపిలో నుంచి, కడకు దాని తాళపుచెవిని నశింపజేయుట యొక పద్ధతి, డిస్కునంతయు తిరుగవ్రాయుట యింకొకటి, పగులగొట్టుట మూడవది. రాగికై తీగలను కాల్చినప్పుడు లేచు పొగ విషము. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము ఇట్టివానిని రిజిస్టరైన సంస్థల ద్వారానే శుద్ధికి పంపవలెను. వారు తీసికొనిపోవునపుడు రసీదు నిత్తురు. ఆ రసీదు సంఖ్యను, డిస్కు చెఱిపిన తేదీని, చెఱిపినవాని సంతకమును పుస్తకమున యంత్రపు సంఖ్య కెదుట వ్రాసి, ఆ వరుసను ఎఱ్ఱసిరాతో కొట్టివేయుదురు.